నూట ఎనభైఆరు మంది రాములు

పవిత్ర జావాస్క్రిప్ట్ నేర్చుకున్నది స్టీలు బిందెల మధ్యన. హిందూపురం బజారులో వాళ్ళ నాయన సుబ్బారావుకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. బీకాం అయిపోయి, ఉద్యోగం ఇంకా దొరక్క, ఆ పిల్ల పొద్దున పదింటి నుంచి అంగట్లోనే కూర్చునేది. గిరాకీ వస్తే గిన్నెల మీద పేర్లు చెక్కి ఇచ్చేది. రాకపోతే ల్యాప్‌టాప్ తెరిచి పాఠాలు చూసేది. కోర్సులో నలభై మూడు పాఠాలు. ఎనిమిది నెలల్లో నలభై రెండు ముగించింది. వదిలేసిన ఒక్కటీ కంప్యూటరు దేన్ని నిజమనుకుంటుంది, దేన్ని అబద్ధమనుకుంటుంది అన్న పాఠం. పదహారు నిమిషాలు. ఒక నిమిషం చూసి, నిజమేదో అబద్ధమేదో కూడా ఒకరు నేర్పాలా అనుకుని ముందుకు జరిపేసింది.

సుబ్బారావు అంగడితో పాటు ఇంకో బరువు కూడా మోసేవాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్ళ వర్తకుల సంఘానికి ఆయన కార్యదర్శి. ఏటా కార్తీకంలో ఒక ఆదివారం పెనుకొండ దగ్గర చింతతోపులో సంఘం వనభోజనాలు జరుగుతాయి. హిందూపురానికీ ధర్మవరానికీ మధ్యన ఉంటుందని ఆ తోపు. పోయిన ఏడు ధర్మవరం బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. వాళ్ళు దిగేసరికి హిందూపురం వాళ్ళు ఓళిగలు, అదే బొబ్బట్లు, మొత్తం ఊడ్చేశారు. మిగిలింది పప్పు, చారు, మజ్జిగ. ధర్మవరం పట్టుచీరల వర్తకుడు చౌడప్ప విస్తరి ముందు నుంచి లేచి నిలబడి, "మీ హిందూపురమోళ్ళకు నోరుండాది గానీ కండ్లు లేవు" అని ఒక్క మాట అని, వచ్చిన బస్సును వచ్చినట్టే వెనక్కి మళ్ళించుకుని పోయాడు. అప్పటినుంచి ఏడాది పాటు ధర్మవరం వాళ్ళు హిందూపురం వాళ్ళతో ఫోనులో కూడా మాట్లాడలేదు.

ఈ ఏడు ఆ మాట రాకూడదని సుబ్బారావు పంతం. "ఎంతమంది వస్తారో ముందే తెలియాల. తలకాయలు లెక్కపెట్టి వండించాల. నీ కంప్యూటరుతో ఏమన్నా అయితాదా పాపా?" అని కూతుర్ని అడిగాడు.

ఎనిమిది నెలల్లో పవిత్రను ఎవరైనా ఒక పని అడగడం అదే మొదలు. రెండు రోజుల్లో పేజీ తయారుచేసింది. పేరు, ఊరు, ఫోను నంబరు. తర్వాత రెండు ప్రశ్నలు. వనభోజనాలకు వస్తారా? మీతో పాటు ఎంతమంది? మొదటి ప్రశ్నకు 'వస్తాం', 'రాము' అని రెండు బటన్లు పెడతానంది. సుబ్బారావు ఒప్పుకోలేదు.

"పెద్దోళ్ళను పట్టుకొని బటను నొక్కండి అంటే బాగుండదు పాపా. లిఫ్టు మాదిరి. ఆడ ఖాళీ ఇడిసిపెట్టు. ఆయప్పలు మర్యాదగా నాలుగు మాటలు రాసుకుంటారు."

సరేనని ఖాళీ గడి పెట్టింది. గడిలో జవాబు ఉంటే వస్తున్నట్టు లెక్క వేసుకుని, వెంటనే ఫోనుకు ఒక మెసేజీ పంపేటట్టు రాసింది: 'మీరు వస్తున్నందుకు చాలా సంతోషం. మీ ఓళిగలు మీకోసం ఎదురుచూస్తుంటాయి.' ఆ రెండో వాక్యం సుబ్బారావు పట్టుబట్టి పెట్టించినది. ఎంతమందో చెప్పనివాళ్ళను ప్రస్తుతానికి ఒక్కరుగా లెక్కేస్తుంది, వాళ్ళకు రోజూ పొద్దున ఎనిమిదింటికి ఇంకో మెసేజీ పోతుంది: 'మీతో ఎంతమంది వస్తారో ఇంకా చెప్పలేదు. దయచేసి చెప్పగలరు.' 'వస్తాం' అని, 'నాలుగు' అని తనే రాసి చూసుకుంది. పని చేసింది. ఏమీ రాయకుండా చూసింది. లెక్కలోకి తీసుకోలేదు. అంతకంటే ఏం కావాలి అనుకుంది.

పేజీ పైన మొత్తం సంఖ్య, దాని కింద ఊరూరి లెక్క, అంతవరకే పెద్ద అంకెల్లో కనిపించేట్టు పెట్టింది, నాయన కళ్ళజోడు వెతుక్కోకుండా. పేజీ లింకు మూడూళ్ళ సభ్యుల ఫోన్లకూ పంపారు. ఆ అంకె రోజురోజుకూ పెరుగుతూ పోయింది. పదో రోజుకు నాలుగు వందల పన్నెండు. అందులో ధర్మవరం నుంచే నూట ఎనభై ఆరు.

సుబ్బారావు ఆ అంకె చూసి అంగడి మెట్లు దిగి బజారులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. "చౌడప్పకు కోపం పోయినాదప్పా. నూట ఎనభై ఆరు మంది. పోయినేడు బస్సుకొచ్చినోళ్ళకు మూడింతలు." రొద్దం నుంచి వంటమనిషి శివకృష్ణను పిలిపించి, వెయ్యి ఓళిగలు చేయించమన్నాడు. వెయ్యా అని శివకృష్ణ రెండుసార్లు అడిగాడు. ఒక్క ఓళిగ తక్కువైనా ఊరుకోనన్నాడు సుబ్బారావు.

ఆదివారం పదకొండు గంటలకు చింతతోపు పొయ్యిల పొగతో, నెయ్యి వాసనతో నిండిపోయింది. హిందూపురం వాళ్ళు బస్సుల్లో, కార్లలో దిగారు. వెదురు తట్టల్లో ఓళిగలు దొంతరలుగా లేచాయి. వచ్చినవాళ్ళందరూ ముందు పవిత్రనే పలకరించారు. "నువ్వేనంట గదమ్మా అంతా చేసినది" అంటుంటే ఆ పిల్ల కొత్త చీర కొంగు సర్దుకుంటూ, ఏమంత పెద్ద పని కాదులెండి అంటూ, అది పెద్ద పనేనని వాళ్ళకు తెలిసేటట్టుగా నిలబడింది.

అంతలో రెండు ఆటోలు వచ్చి ఆగాయి. అందులోంచి పదిమంది ఆడవాళ్ళు దిగారు. ముందున్నావిడ పెనుకొండలో గాజుల అంగడి పెట్టుకున్న కుళ్ళాయమ్మ. డెబ్బై ఏళ్ళుంటాయి. ఫోను చేతిలో పట్టుకునే దిగింది.

"ఈ ఫోన్లో దినాం మెసేజీలు పంపేది ఎవురు?"

"నేనే అవ్వా" అంది పవిత్ర, మెచ్చుకోలు కోసం ముందుకు వచ్చి.

"తల్లీ, నాకు ఎవురూ లేరు. ఒంటి మనిషిని. నీతో పాటు ఎంతమంది అంటివి. సున్నా అని రాస్తి. మరుసటి దినం పొద్దున్నే మళ్ళీ అడిగితివి. మళ్ళీ సున్నా పెడితి. పది దినాలు అడిగితివి, పది సున్నాలు పెడితి. ఒంటిగా వచ్చేది ఈళ్ళకు ఇష్టం లేదేమో అనుకొని, మా ఈదంతా తిరిగి ఈ తొమ్మిదిమందిని పోగుచేసుకొస్తి. తొమ్మిది అని రాసినాక గాని నీ ఫోను నోరు మూయలేదు."

వెనకున్న తొమ్మిదిమందీ అవునన్నట్టు తలలాడించారు. అందులో ఒకామె పూలమ్మే మనిషి, బుట్టతో సహా వచ్చింది. ఇంకొకామె మిషను కుట్టేది, మెడలో టేపు అట్లాగే ఉంది.

పవిత్ర వాళ్ళను కూర్చోబెట్టి, బోర్లించిన వంట డేగిసా మీద ల్యాప్‌టాప్ పెట్టి తెరిచింది. సున్నా జవాబే కదా, ఎందుకు మళ్ళీ అడిగింది? తను రాసిన వరస చూసుకుంది. అంకె ఉంటే ఊరుకో, లేకపోతే అడుగు అని రాసింది. సున్నా అనే అంకెను కంప్యూటరు లేనట్టే లెక్కేసింది. ఆవిడ నోరు తెరిచి 'ఎవరూ లేరు' అని చెప్తే, 'అసలేమీ చెప్పలేదు' అని రాసుకుంది. పది రోజుల పాటు ఒంటరి మనిషిని పట్టుకుని నీకెవరున్నారని అడిగించింది తనే.

ఇంకేం తప్పులున్నాయో అని జవాబుల పట్టిక తెరిచింది. ఇన్నాళ్ళలో దాన్ని తెరవడం అదే మొదటిసారి. హిందూపురం వరసలు బాగానే ఉన్నాయి. వస్తాం, తప్పక వస్తాం, కుటుంబ సమేతంగా వస్తాం. ధర్మవరం వరసల దగ్గరికి వచ్చింది.

రాము. రాము. రాము. మేము రాము. చచ్చినా రాము. ఇంగెప్పటికీ రాము. మీ తోపుకొక దండం, రాము.

వంటమనిషి శివకృష్ణ గరిటె పట్టుకుని వెనకనుంచి తొంగిచూశాడు. "ఏం పాపా, ధర్మవరంలో ఇంతమంది రాములుండారా?"

పవిత్ర కిందిదాకా జరిపింది. నూట ఎనభైఆరు మందీ రాములే. ఒకాయన మాత్రం మర్యాదగా 'ఆరోగ్యం సరిలేనందున రాలేకపోతున్నాము' అని రాశాడు.

పోయి సుబ్బారావును చెట్టు వెనక్కి పిలిచింది. "నాయనా, ధర్మవరమోళ్ళు వచ్చేది లేదు."

"నూట ఎనభైఆరు మంది వస్తామనిరి గదా."

"రామని రాసినారు. కంప్యూటరు వస్తామని లెక్కేసుకున్యాది."

"దానికి తెలుగు రాదా?"

"తెలుగు కాదు నాయనా. గడిలో ఏమన్నా ఉండాదా లేదా, అంతవరకే అది చూస్తాది. ఖాళీగా ఉంటే అబద్ధం. ఏదో ఒకటి రాసుంటే నిజం. రాసింది ఏమని చదవదు."

సుబ్బారావు ఆలోచించాడు. "రాము అన్నా నిజమేనా?"

"నిజమే."

"చచ్చినా రాము అంటే?"

"అదీ నిజమే."

"అబద్ధం అని తెలుగులో రాస్తే?"

"అది కూడా నిజమే నాయనా."

సుబ్బారావు చింతచెట్టుకు ఆనుకున్నాడు. తట్టలకేసి చూశాడు. వెయ్యి ఓళిగలు. వచ్చిన జనం, పూలామెతో సహా, రెండు వందల ముప్పై ఆరు. "బటన్లు వద్దనింది నేనే గదా" అన్నాడు నెమ్మదిగా. ఆ మాట అన్నందుకు పవిత్రకు ఏడుపొచ్చినంత పనైంది. తిట్టుంటే బాగుండేది.

అప్పుడే రోడ్డు మీద బస్సు హారను మోగింది. ధర్మవరం బస్సు.

యాభై మంది దిగారు. ఒక్కరి ముఖంలోనూ ఆకలి లేదు. అందరికంటే ముందు చౌడప్ప, తెల్ల పంచె, చేతిలో ఫోను. సుబ్బారావు కూతురి చెవిలో గబగబా అన్నాడు. "పాపా, నువ్వు గమ్మునుండు. మీరు రామన్నా గానీ మీ మీద పాణం పెట్టుకొని వండించినాం అని చెప్తా. బాగుంటాది. ఎవురికీ నష్టం లేదు."

నిజంగానే బాగుండేది. పవిత్ర కూడా ఒక్క క్షణం సరేననుకుంది. కానీ చౌడప్ప వచ్చి ఫోను ముందుకు చాపి, "ఈ రాత రాసినది ఎవురు?" అని అడిగేసరికి ఆ పిల్ల నోరు దానంతట అది తెరుచుకుంది.

"నేనే."

"నువ్వా? ఎవురి బిడ్డవమ్మా నువ్వు? మేం రామని రాస్తే, వస్తున్నందుకు సంతోషం అంటారా? మీ ఓళిగలు మీకోసం ఎదురుచూస్తాండాయి అంటారా? దినాం పొద్దున్నే ఎనిమిదింటికి, ఎంతమంది వస్తారు ఎంతమంది వస్తారని ఎగతాళా? మేం మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్యాం కాబట్టి ఫోను చేయలేదు. మొగం మీద అడిగి పోదామని వచ్చినాం. తినేకి రాలేదు."

"ఎగతాళి కాదండీ. నాకు చేతగాలేదు. తప్పు రాసినా" అంది పవిత్ర. "మీరు ఏం రాసినా అది వస్తామనే అనుకుంటాది. కావాలంటే మీరే ఇప్పుడు రాసి చూడండి."

చౌడప్ప నమ్మలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఫోనులో పేజీ తెరిచి, 'రాను' అని రాశాడు. ఫోను టింగుమంది. మీరు వస్తున్నందుకు చాలా సంతోషం. ఇంకోసారి రాశాడు. 'మీ సంతోషం తగలెయ్య.' టింగుమంది. మీరు వస్తున్నందుకు చాలా సంతోషం. వెనకున్నవాళ్ళు మూగారు. ఒకాయన తన ఫోనులో ఒట్టి చుక్క ఒకటి పెట్టి పంపాడు. చుక్కకూ సంతోషమే. ఇంకొకాయన అక్షరమేదీ రాయకుండా, స్పేసు మాత్రం ఒకసారి కొట్టి పంపితే దానికి కూడా ఓళిగలు ఎదురుచూశాయి.

"ఇదేందిరా ఇది, మనం ఏం తిట్టినా నవ్వుతాంది" అన్నాడు ఎవరో. ఎవరో కిసుక్కుమన్నారు. హిందూపురం వాళ్ళు కూడా ఫోన్లు తీశారు. తోపంతా టింగుటింగులు. సంఘం మొదలైన నాటి నుంచి పెద్దమనుషులు ఒకరిమీద ఒకరు అనుకోవాలని అనుకోలేకపోయినవన్నీ ఆ పావుగంటలో గడిలో పడ్డాయి. అన్నిటికీ ఒకటే జవాబు.

చౌడప్ప నవ్వలేదు. తలకాయ ఒకవైపు వాల్చి ఆలోచిస్తున్నాడు. "అంటే, చీర పెట్టె ఉండాది. ఇది పెట్టె బరువుగా ఉండాదా లేదా చూస్తాది. లోపల పట్టుండాదా, గోనెపట్ట ఉండాదా, చూడదు. అంతేనా?"

"అంతే" అంది పవిత్ర. ఎనిమిది నెలల కోర్సులో ఎవరూ అంత తేటగా చెప్పలేదు.

"మరి ఆ సున్నా కత ఏంది? ఈ అవ్వ ఏందో అంటాంది."

"సున్నా అంకెను మాత్రం ఖాళీ మాదిరే చూస్తాదండీ. అది కూడా నేను చూసుకోలేదు."

చౌడప్ప కుళ్ళాయమ్మకేసి చూశాడు. ఆవిడ అప్పటికే విస్తరి ముందు కూర్చుని ఉంది. "ఏమప్పా, ఎంతసేపు నిలబడతావు? మేమందరం ఫోను పిలిస్తే వచ్చినోళ్ళమే" అంది.

చౌడప్ప కూర్చోలేదు. సుబ్బారావు పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా, పవిత్రకు మాత్రం వినపడేటట్టు అన్నాడు. "పోయినేడు మా యమ్మను తోడుకొచ్చింటి సుబ్బారావూ. ఎనభై రెండేండ్లు. ఇంట్లో నుంచి అడుగు బయట పెట్టి ఆరేండ్లాయ. ఓళిగ తినాలని వచ్చె. చారన్నం తినిపించి తోడుకపోతి. బస్సులో నన్నొకటీ అనలేదు. అనుంటే సరిపోతుండె."

సుబ్బారావు ఏడాదిగా తయారుచేసి పెట్టుకున్న జవాబులు కొన్ని ఉన్నాయి. బస్సు ఆలస్యం ఎవరి తప్పు, ముందే ఎందుకు చెప్పలేదు లాంటివి. అవేవీ అనలేదు. శివకృష్ణను పిలిచి, ఒక కొత్త స్టీలు క్యాను కడిగించి, మెత్తటి ఓళిగలుగా ఏరి పది పెట్టించి, పైన నెయ్యి పోయించి, తనే తీసుకుపోయి బస్సులో డ్రైవరు వెనక సీటు మీద పెట్టి వచ్చాడు. చౌడప్ప చూస్తూ నిలబడ్డాడు. తిరిగి చూసేసరికి అతని బస్సువాళ్ళు సగం మంది విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. ఇంక చేసేదేం లేక తనూ కూర్చున్నాడు.

పవిత్ర వడ్డనకు దిగింది. ఎవరి విస్తట్లోకి వంగినా, "ఇంకొకటి వద్దమ్మా" అంటారు. "మీరు ఏమన్నా నాకు సరేననే వినపడతాది" అని ఇంకొకటి వేసేది. ఆ రోజు ఒక్కొక్కరు రెండు, మూడు తిన్నారు. పూలామె ఏడు తిని, బుట్టలో ఆరు పెట్టుకుంది. అయినా మూడు వందలు మిగిలాయి. వాటిని తట్టలతో సహా బస్సు ఎక్కించి, రామని రాసినవాళ్ళ ఇళ్ళకు పంచమని చౌడప్పకు అప్పగించారు. ఆరోగ్యం సరిలేదని మర్యాదగా రాసినాయన చక్కెర రోగి అని, ఆయన ఇంట్లో ఆ తట్ట పెద్ద గొడవే పెట్టిందని తర్వాత తెలిసింది.

సోమవారం అంగడి తెరవగానే పవిత్ర ఆ పదహారు నిమిషాల పాఠం పెట్టింది. సుబ్బారావు కూడా స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. జావాస్క్రిప్ట్‌లో అబద్ధంగా లెక్కకొచ్చేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చట. సున్నా, ఖాళీ మాట, ఇంకా అట్లాంటివి నాలుగైదు. అవి తప్ప లోకంలో మిగిలినవన్నీ నిజమే. ఖాళీ పెట్టె కూడా నిజమే. కొటేషను గుర్తుల మధ్య పెట్టిన సున్నా కూడా నిజమే.

"అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నేనా?" అన్నాడు సుబ్బారావు. "ఈ కంప్యూటరోళ్ళు మన బజారులో ఒక పొద్దు కూర్చోవాల."

గురువారం చౌడప్ప ఫోను చేశాడు. ఒట్టు తెగిపోయింది కాబట్టి నేరుగా సుబ్బారావుకే చేసి, మీ పాపకు ఇయ్యి అన్నాడు. ఆయన చీరల అంగడికి ఎవరో ఒక పేజీ చేసి పెట్టారు. అందులో స్టాకు అన్న గడిలో గుమాస్తా 'లేదు' అని రాసిన చీరలన్నీ 'ఉంది' అని కనిపిస్తున్నాయట. అమ్మేసిన నెమలికంఠం రంగు చీర కోసం ఆరు నెలలుగా ఊళ్ళ నుంచి ఫోన్లు వస్తున్నాయి. "ఇది కూడా ఆ రోగమేనా పాపా?"

"అదేనండీ" అంది పవిత్ర.

శనివారం పొద్దున రైలెక్కి ధర్మవరం పోయింది. అంగట్లో తెల్లటి పరుపు మీద, చీరల మడతల మధ్య కూర్చోబెట్టారు. లోపలి గదిలో మగ్గం చప్పుడు ఆగకుండా వస్తోంది. చౌడప్ప తల్లి గడప దగ్గర కుర్చీలో కూర్చుని, ఈ పిల్ల ఏం చేస్తుందో చూసింది. పవిత్ర గంటలో తప్పు పట్టుకుని సరిచేసింది. ఈసారి ఎవరినీ అడగకుండా రెండు బటన్లు పెట్టింది. ఉంది. లేదు.

చౌడప్ప పరుపు మీదికి వంగి ఒక్కొక్క చీరకూ నొక్కి చూశాడు. బాగానే ఉంది. అయినా ముఖం తేటపడలేదు.

"ఏమన్నా తప్పుండాదా?" అడిగింది పవిత్ర.

"తప్పు కాదు. రెండే ఉండాయి గదా. మా వ్యాపారంలో రెండింటితో జరగదమ్మా. మగ్గం మీద సగం నేసిన చీర ఉంటాది. అది ఉండాదా, లేదా? ఒకామె తీసిపెట్టమని పోయి మూడు నెలలాయ. అది ఉండాదా, లేదా?"

పవిత్ర వాచీ చూసుకుంది. హిందూపురం రైలుకు ఇంకా నలభై నిమిషాలుంది. మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిచి మూడో బటను పెట్టింది. 'ఉండొచ్చు. అంగడికి వచ్చి చూడండి.' ఈసారి బయలుదేరే ముందు, ఉన్న చీరకు, లేని చీరకు, సగం నేసిన చీరకు విడివిడిగా నొక్కి చూసుకుంది.

నెల తర్వాత చౌడప్ప మళ్ళీ ఫోను చేశాడు. ఉన్న చీరల కంటే, ఉండొచ్చన్న చీరల కోసమే జనం అంగడికి ఎక్కువ వస్తున్నారట. గుమాస్తా ఇప్పుడు అన్నిటికీ ఆ బటనే నొక్కుతున్నాడట.